చవక ఫ్లింట్‌లాక్ రైఫిల్‌ని దారికి తెచ్చుకున్నాను: నా అనుభవం

ఫ్లింట్‌లాక్ రైఫిల్ పేలాలంటే నిప్పు రెండుసార్లు అంటుకోవాలి. ట్రిగ్గర్ లాగగానే హామర్ దవడల మధ్య బిగించిన చెకుముకి రాయి, ఎదురుగా నిలబడి ఉన్న ఉక్కు పలకని గీరుకుంటూ కిందికి దిగుతుంది. ఆ పలక పేరు ఫ్రిజ్జెన్. దాన్నుంచి రాలిన రవ్వలు కిందున్న పాన్ అనే బుల్లి గిన్నెలోని సన్నటి తుపాకిమందుని అంటించాలి. ఇది మొదటి నిప్పు. ఆ మంట బ్యారెల్ పక్కనున్న టచ్ హోల్ అనే సన్న కన్నంలోంచి లోపలికి దూరి అసలు మందుని అంటించాలి. ఇది రెండోది. నాకు సెకండ్ హ్యాండ్‌లో దొరికిన పాయింట్ 50 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు అర అంగుళం) రైఫిల్ రెండు చోట్లా మొరాయించేది. ఒక్కోసారి టిక్కుమని ఊరుకునేది. ఒక్కోసారి పాన్‌లో భగ్గుమని పొగ లేచేదే తప్ప లోపలి మందుకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఇంకోసారి ‘ఫుస్స్’ అని కాసేపు ఆలోచించుకుని, మనం తుపాకి దించుదామా అనుకునే లోపు ‘ఢాం’ అనేది. ఫ్లింట్‌లాక్‌లంటేనే అంత, దాని మూడ్‌ని బట్టి పేలుతుందని అమ్మినతను తేల్చేశాడు. అది నిజం కాదు. చవక తుపాకి అయినా సరే, ఏ నిప్పు దగ్గర తేడా కొడుతోందో విడివిడిగా చూసుకుంటే చాలావరకు ఇంట్లో బల్ల మీదే సరిచేసుకోవచ్చు.

ఈ రకం చవక రైఫిళ్లు ఎక్కువగా స్పెయిన్, ఇటలీల్లో తయారవుతాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 1974లో ఫ్లింట్‌లాక్‌తో మాత్రమే జింకల్ని వేటాడేందుకు ప్రత్యేకంగా ఒక సీజన్ మొదలుపెట్టింది. ఏడాదికి కొన్ని వారాల ముచ్చటకి చేత్తో చేసిన ఖరీదైన లాంగ్ రైఫిల్ ఎందుకులే అనుకునేవాళ్లు ఇలాంటివే కొంటారు. నాలుగుసార్లు తుస్సుమనగానే విసుగొచ్చి మూలన పడేస్తారు. నా చేతికొచ్చింది కూడా అలా మూలన పడిందే. చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ఇలాంటి ముందు నుంచి మందు దట్టించే తుపాకుల్ని మామూలు తుపాకుల లెక్కలో చూడదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం దేనికదే. మన దేశంలో అయితే కాల్చడానికి పనికొచ్చే నాటు తుపాకి దేనికైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. కాబట్టి ఎక్కడున్నవాళ్లు అక్కడి రూల్స్ చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

ఇలా మూతిలోంచి మందు దట్టించే పాత మజిల్‌లోడర్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని రిపేరు కాదు, లోపల మందు ఉందో లేదో చూడటం. ఇవి దట్టించి ఉన్నాయో లేదో బయటికి తెలియదు. ఏళ్ల తరబడి గోడకి వేలాడినవాటిలో కూడా మందూ గుండూ దొరికిన సందర్భాలున్నాయి. రామ్‌రాడ్‌ని, అంటే మందు దట్టించే కడ్డీని, బ్యారెల్ అడుగు దాకా దింపి, మూతి దగ్గర దాని మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. తర్వాత దాన్ని బయటికి తీసి, ఆ గీత మూతికి సరిగ్గా వచ్చేలా బ్యారెల్ పక్కన ఆనించి పెట్టాను. కడ్డీ కొన టచ్ హోల్ దాకా రావాలి. నాది బొటనవేలి వెడల్పంత ముందే ఆగిపోయింది. మందూ గుండూ రెండూ పట్టాలంటే ఆ చోటు చాలదు, కానీ ఏదో ఉందన్నది ఖాయం. ఏమిటో తేలేదాకా మందు ఉన్నట్టే లెక్క. హామర్ దవడల్లోంచి రాయి తీసేసి, బ్యారెల్‌ని గోడకి నిలబెట్టి, మూతిలోంచి గోరువెచ్చని సబ్బునీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను. టచ్ హోల్‌లోంచి ఒక్క చుక్క బయటికి రాలేదు.

పొద్దున్న సన్న తీగతో టచ్ హోల్‌ని పొడిస్తే నల్లటి చిక్కటి ద్రవం మెల్లగా కారింది. ఈ రకం బ్యారెల్స్‌కి అడుగున బ్రీచ్ దగ్గర గది సన్నబడుతుంది. మామూలు క్లీనింగ్ గుడ్డ అక్కడిదాకా వెళ్లదు, పై అంచు మీదే ఆగిపోతుంది. పాత యజమాని శుభ్రం చేశాననుకునే వదిలేసి ఉంటాడు. ఆ సన్న గదిలో మసి ఇనప పెనానికి అట్టకట్టినట్టు గట్టిపడిపోయింది. కడ్డీ చివర బిగించే చిన్న స్క్రేపర్‌తో తిప్పుతూ, నీళ్లు పోసి వంపుతూ, మళ్లీ గోకుతూ పోతే పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. అప్పుడుగానీ కడ్డీ టచ్ హోల్ దాకా చేరలేదు. ‘ఫుస్స్... ఢాం’ జబ్బుకి సగం విరుగుడు ఇదే అయ్యింది. మంట లోపలికి దూరినా ఆ మసి దాటుకుని అసలు మందుని చేరడానికి దానికి టైం పట్టేది. స్క్రేపర్‌తో పాటు పాయింట్ 30 క్యాలిబర్ సైజు బ్రష్ కూడా ఒకటి కొనిపెట్టుకున్నాను. ఆ సన్న గదిలోకి అది చక్కగా దిగుతుంది.

ఇప్పుడు మొదటి నిప్పు సంగతి. తుపాకితో వచ్చిన రాయి రంపంతో కోసిన అగేట్. చూడటానికి నీటుగా, నగలో పొదిగిన రాయిలా మెరుస్తుంది. అంచు మాత్రం మొండి. ఇక్కడ ఒక విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. రవ్వ రాయిది కాదు, ఉక్కుది. రాయి పదునైన అంచు ఫ్రిజ్జెన్ నుంచి కంటికి కనపడనంత సన్నటి ఉక్కు పొట్టుని చెక్కుతుంది. ఆ రాపిడి వేడికి ఆ పొట్టు గాలిలో మండుతుంది. మొండి అంచు చెక్కదు, రుద్దుతుంది. అందుకని ఇంగ్లండ్‌లోని బ్రాండన్ ఊరి నల్ల చెకుముకి రాళ్లు తెప్పించాను. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ సైన్యానికి రాళ్లు సరఫరా చేసిన ఊరది. వాటిని ఇప్పటికీ చేత్తోనే కొట్టి తీస్తారు కాబట్టి ఒక రాయి ఇంకో రాయిలా ఉండదు. కొన్ని వంకర, కొన్ని మరీ మందం. ఫ్రిజ్జెన్ వెడల్పుకి సమానంగానో ఒక వెంట్రుకవాసి తక్కువగానో ఉన్నవి ఏరుకుని, మిగతావి పక్కన పెట్టాను.

రాయి బిగించడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇనప దవడల మధ్య రాయిని నేరుగా నొక్కితే అది పట్టు నిలవదు, పగులుతుంది కూడా. పాత బెల్టు తోలు ముక్క ఒకటి రాయి చుట్టూ మడత వేసి, వెనక వైపు దవడల స్క్రూ పట్టేంత చిన్న కన్నం పెట్టాను. అలా చేస్తే రాయి ఎంత వెనక్కి కావాలంటే అంత వెనక్కి జరుగుతుంది. హామర్ హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి నిలిపిన స్థితిలో, ఉన్నప్పుడు రాయి అంచుకీ ఫ్రిజ్జెన్‌కీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండేలా సర్దాను. అంచు ఫ్రిజ్జెన్ ముఖానికి సమాంతరంగా ఉండాలి. ఒక మూలే ముందు తగిలితే రవ్వలు ఒక పక్కకే రాలతాయి, ఆ మూల తొందరగా విరుగుతుంది. ఇది చూడటానికి తుపాకి ఖాళీ అని మరోసారి నిర్ధారించుకుని, హామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, అంగుళం అంగుళం కిందికి దింపుతూ రాయి ఎక్కడ తాకుతోందో గమనించాను. రాయికి ఏటవాలుగా చెక్కిన ముఖాన్ని పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అన్నది ఏ లాక్‌కి (హామర్, ఫ్రిజ్జెన్ ఉండే యంత్రభాగం) ఆ లాక్. నా దాంట్లో ఏటవాలు ముఖం కిందికి పెడితే దెబ్బ ఫ్రిజ్జెన్ పైనుంచి మూడో వంతు దగ్గర పడి గీత పొడవుగా వచ్చింది. పైకి పెడితే దెబ్బ మధ్యకి దిగిపోయింది. కాబట్టి కిందికే ఉంచేశాను.

కొత్త రాయితో చీకటి గదిలో టెస్ట్ చేశాను. పగటి వెలుగులో రవ్వలు ఎంత మంచివో తెలియదు. మందు డబ్బా గదిలోనే కాదు, ఆ అంతస్తులోనే లేకుండా చూసుకున్నాను. రవ్వలు అంతకుముందు కంటే ఎక్కువే వచ్చాయి, కానీ ఎర్రగా, నీరసంగా, దారిలోనే ఆరిపోతూ వచ్చాయి. మంచి రవ్వ తెల్లగా, పసుపుగా ఉండి, పాన్‌లో పడ్డాక కూడా చిటపటమంటూ ఒక క్షణం ఎగరాలి. లైటు వేసి ఫ్రిజ్జెన్ ముఖం చూస్తే దున్నినట్టు లోతైన గాట్లు. ఉక్కు మెత్తగా ఉందన్నమాట. ముఖం దిగువన, రవ్వలకి పనిలేని చోట, కొత్త ఆకురాయి అంచు ఒకసారి ఆనించి చూశాను. గట్టి ఉక్కు అయితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోవాలి. ఇది కరిచింది.

ఇక్కడ మూడు దారులున్నాయి. కంపెనీ నుంచి కొత్త ఫ్రిజ్జెన్ తెప్పించుకోవచ్చు. ఉన్నదాని ముఖానికి మంచి కార్బన్ స్టీల్ రేకు అతికించుకోవచ్చు, పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. లేదంటే ఉన్నదానికే మళ్లీ గట్టిదనం పట్టించవచ్చు. మూడోది పనిచేయాలంటే ఆ ఉక్కులో కార్బన్ తగినంత ఉండాలి. లేకపోతే ఎంత కాల్చినా లాభం లేదు, కార్బన్ పొడి పట్టించి కాల్చాల్సి వస్తుంది. విడిభాగం ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు కాబట్టి ముందు మూడోదే ప్రయత్నించాను. ఫ్రిజ్జెన్ స్క్రూ విప్పి, దాన్ని విడిగా తీసి, ఆరుబయట గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చాను. అయస్కాంతం దాన్ని పట్టుకోవడం మానేసేదాకా కాల్చి, ఇంకొంచెం వేడి చేసి, వెంటనే నూనెలో ముంచాను. నూనె డబ్బా ఇనుపది, పక్కనే దానికి సరిపోయే మూత. ముంచగానే పైన మంట లేచింది, మూత పెట్టగానే ఆరింది. ఆ మూత లేకుండా ఈ పని ఎవరూ పెట్టుకోవద్దు.

అలా ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దెబ్బకి విరగొచ్చు. అందుకని ముఖాన్ని ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్ది, ఓవెన్‌లో 190 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటసేపు ఉంచాను. లేత గడ్డి రంగు వచ్చింది. పాన్‌ని కప్పే అడుగు భాగాన్ని మాత్రం టార్చ్‌తో ఇంకాస్త వేడి చేసి నీలం రంగు దాకా తీసుకెళ్లాను, ముఖాన్ని తడిగుడ్డతో చుట్టి ఉంచి. స్ప్రింగ్ తోపుడంతా పడేది అక్కడే, కాబట్టి అక్కడ గట్టిదనం కన్నా ఓర్పు ముఖ్యం. మళ్లీ బిగించి చీకట్లో హామర్ వదిలితే పాన్ నిండా తెల్లటి రవ్వలు. మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే. ఆకురాయి కూడా ఈసారి జారిపోయింది.

ఫ్రిజ్జెన్ విప్పి ఉండగానే దాని స్ప్రింగ్ సంగతి కూడా చూశాను. రాయి గుద్దగానే ఫ్రిజ్జెన్ చప్పున తెరుచుకుని, పూర్తిగా వెనక్కి వెళ్లి అక్కడే నిలవాలి. నాది సగం తెరుచుకుని తిరిగి వచ్చి రాయిని కొట్టేది. కొత్త రాయి అంచులు అందుకే పొళ్లు పొళ్లుగా రాలుతున్నాయి. ఫ్రిజ్జెన్ బొడిపె స్ప్రింగ్ మీద జారే చోట ఆకురాయి గీతలు అలాగే ఉండిపోయాయి. కారఖానాలో ఆఖరి మెరుగు ఎగ్గొట్టారు. రెండు ముఖాల్నీ సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, ఒక చుక్క నూనె వేస్తే ఆ తిరుగుడు పోయింది. స్ప్రింగ్ ఆకారాన్ని అస్సలు ముట్టుకోలేదు. తర్వాత ఫ్రిజ్జెన్ అడుగుకి కొవ్వొత్తి మసి పట్టించి పాన్ మీద మూసి తెరిచాను. మసి పాన్ అంచు చుట్టూ అంటకుండా ముందు వైపు మాత్రమే అంటింది, అంటే వెనక సందు ఉంది. ఆ సందులోంచే మందు కారుతుంది, తేమ దూరుతుంది. మసి అంటిన ఎత్తు చోట మాత్రమే నాలుగు ఆకురాయి రాపుళ్లు వేసి, మళ్లీ మసి పట్టించి చూస్తూ పోయాను. ఇది నిదానంగా సాగే పని. తొందరపడితే సందు పెద్దదవుతుంది.

లాక్ లోపలి భాగాల జోలికి మితంగానే వెళ్లాను. నా దాంట్లో హామర్‌ని తోసే మెయిన్‌స్ప్రింగ్ చుట్ల స్ప్రింగ్ రకం, విప్పడం తేలిక. పాతకాలపు మడత స్ప్రింగ్ ఉంటే స్ప్రింగ్ వైస్ లేకుండా విప్పకూడదు, ఎగిరి కంట్లో పడుతుంది. హామర్‌తో పాటు లోపల తిరిగే టంబ్లర్ చప్పటి ముఖాలు లాక్ పలకకి రాసుకునే చోట మెరుగు పెట్టాను. లాక్‌ని చెక్కలో బిగించే స్క్రూలు అతిగా బిగించి ఉన్నాయి. ఒకదాన్ని పావు చుట్టు వదులు చేయగానే హామర్ కదలిక తేలికైంది. ట్రిగ్గర్ లాగేదాకా హామర్‌ని ఆపి ఉంచే సియర్ ఒక చోట చెక్కకి రాసుకుంటోంది కూడా. లోహానికి మసి పూసి బిగించి విప్పితే చెక్క మీద నల్లమచ్చ పడింది. ఆ మచ్చ పడ్డ చోట మాత్రమే ఉలితో పొట్టు తీశాను. చవక తుపాకి ట్రిగ్గర్ బరువుగా ఉందని సియర్ గాడిని ఆకురాయితో రుద్దేవాళ్లున్నారు. నేను ఆ పని చేయలేదు, ఎవరికీ చెప్పను కూడా. ఈ తుపాకికి ఉన్న ఒకే ఒక్క సేఫ్టీ హాఫ్ కాక్ గాడి. లాక్ మళ్లీ బిగించిన ప్రతిసారీ, ఖాళీ తుపాకిని హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్‌ని గట్టిగా లాగి చూస్తాను. హామర్ పడకూడదు. పడితే ఆ లాక్ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రెండో నిప్పుకి దారి టచ్ హోల్. చాలా రైఫిళ్లలో బ్యారెల్‌కి నేరుగా కన్నం పెట్టరు. మర ఉన్న చిన్న లైనర్ బిగించి దాని మధ్యలో కన్నం పెడతారు. నా దాంట్లో ఆ కన్నం తిన్నగా ఉన్న సొరంగం, లోపలి మందుకీ పాన్‌కీ మధ్య చాలా దూరం. అందుకని లోపలి వైపు గరాటులా విచ్చుకునే స్టెయిన్‌లెస్ లైనర్ కొన్నాను. గరాటు ఆకారం వల్ల అసలు మందు బయటి మంటకి బాగా దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. పాత లైనర్ తుప్పుతో అతుక్కుపోయింది. తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు నానబెట్టి, గాడికి కచ్చితంగా సరిపోయేలా స్క్రూడ్రైవర్‌ని అరగదీసుకున్నాను. సరిపోని స్క్రూడ్రైవర్‌తో గాడి చెడిపోతే ఇక డ్రిల్లింగే గతి. కొనేముందు థ్రెడ్ మెట్రికా, అంగుళాల లెక్కదా అన్నది తేల్చుకోవాలి. పైకి ఒకేలా కనిపిస్తాయి, రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటాయి. కొత్తదాన్ని బిగించాక లోపల బ్యారెల్‌లోకి పొడుచుకు రాకుండా ఉందో లేదో లైటు వేసి చూశాను. పొడుచుకు వస్తే క్లీనింగ్ గుడ్డ అక్కడే చిక్కుకుంటుంది.

కన్నం సైజు 1.6 మిల్లీమీటర్లు, అదే ఒక అంగుళంలో పదహారో వంతు. దాన్ని పెద్దది చేయాలన్న ఉబలాటం అందరికీ కలుగుతుంది, ఎందుకంటే మంట ఇంకా తేలిగ్గా దూరుతుంది. కానీ పెద్ద కన్నంలోంచి లోపలి ఒత్తిడి కూడా తేలిగ్గా బయటికి వస్తుంది, మందు పాన్‌లోకి కారుతుంది. ప్రతిసారీ కాల్చినప్పుడు అది కొద్దికొద్దిగా తనంతట తానే అరుగుతుంది కూడా. అందుకే 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనక భాగాన్ని కొలతగా దగ్గర పెట్టుకున్నాను. అది దూరే రోజున లైనర్ మారుస్తాను. కన్నం పాన్ పై అంచుకి సమానంగా ఉండటం ముఖ్యం. కిందికి ఉంటే పాన్‌లోని మందు దాన్ని కప్పేస్తుంది, అప్పుడు మంట వత్తి కాలినట్టు మెల్లగా కాలుతూ లోపలికి పోవాలి. కప్పకపోతే ఒక్క మెరుపు వేడి నేరుగా లోపలికి దూకుతుంది. పాన్‌లో మందుని కన్నానికి దూరంగా అవతలి వైపుకి తట్టాలని పాతవాళ్లు చెబుతారు. నాకైతే దగ్గరున్నా తేడా కనిపించలేదు. కన్నం నోరు మూయకుండా ఉంటే చాలు.

మందు విషయంలో రాజీ కుదరదు. అసలైన నల్లమందే కావాలి. దాని బదులుగా అమ్మే కొత్త రకం పొడులకి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, ఫ్లింట్‌లాక్ రవ్వలకి అవి లొంగవు. పొగ రాని ఆధునిక మందు మాత్రం ఇందులో చెంచాడు కూడా పోయకూడదు, బ్యారెల్ పగిలి చేతులు పోతాయి. నల్లమందు డబ్బా మీద ఎఫ్ అక్షరాలు ఎక్కువైనకొద్దీ రేణువు సన్నం. బ్యారెల్‌కి మూడు ఎఫ్‌లది, పాన్‌కి నాలుగు ఎఫ్‌లది వాడుతున్నాను. ఎంత పోయాలన్నది తుపాకితో వచ్చిన చిన్న పుస్తకం చెప్పిన హద్దుల్లోనే, కింది అంకె నుంచి మొదలుపెట్టి చూసుకున్నాను. మందుని కొలత పాత్రలోకి పోసి, అందులోంచి బ్యారెల్‌లో పోస్తాను. మందు డబ్బాని నేరుగా మూతికి ఎత్తితే, లోపల ఎక్కడైనా నిప్పు నలుసు మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది.

రామ్‌రాడ్ గురించి ఎవరూ పట్టించుకోరు. తుపాకితో వచ్చిన కర్రలో నార ఏటవాలుగా పక్కకి వెళ్లిపోయింది. అలాంటి కర్ర దట్టించేటప్పుడు విరిగితే, విరిగిన కొన ఈటెలా అరచేతిలోకి దిగుతుంది. నార ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిన్నగా ఉన్న హికరీ అనే గట్టి చెక్క కర్ర తెచ్చి, ఇత్తడి కొనని ఎపాక్సీతో అతికించి, అడ్డంగా చిన్న ఇత్తడి పిన్ను కొట్టాను. పిన్ను లేకపోతే గుడ్డ బిగుసుకున్న రోజున కొన లోపలే ఉండిపోతుంది. కర్రని మూతికి ఒక జానెడు పైన మాత్రమే పట్టుకుని, కొంచెం కొంచెంగా తోస్తాను. మందు మీద గుండు పూర్తిగా కూర్చున్నప్పుడు మూతి దగ్గర ఉండే గీతని కత్తితో గాటు పెట్టి ఉంచాను. ఆ గాటు దాకా దిగకపోతే గుండుకీ మందుకీ మధ్య సందు ఉన్నట్టు. అలా వదిలి పేల్చకూడదు, బ్యారెల్ ఉబ్బుతుంది.

రేంజ్‌లో మొదటి రోజు కొంచెం టెన్షన్ పడ్డాను, కానీ పెద్ద ఆటంకాలేమీ రాలేదు. రవ్వ, మంట, పేలుడు మూడూ ఒకే శబ్దంగా వినిపించాయి. టచ్ హోల్‌లోంచి కుడివైపుకి మంట అడుగు దూరం చిమ్ముతుంది కాబట్టి ఆ పక్క ఎవర్నీ నిలబడనివ్వలేదు. కళ్లద్దాలు ఎలాగూ తప్పవు. ఒకసారి రాయి మొండిదై పేలలేదు. తుపాకిని లక్ష్యం వైపే పట్టుకుని నిమిషం పైనే ఆగి, అప్పుడు పాన్‌లో మందు పారబోశాను. రాయి అంచుని ఇత్తడి ముక్కతో చిన్నగా తట్టి పెళ్ల ఊడగొడితే మళ్లీ పదును వచ్చింది.

ఇక గుండ్లన్నీ గురి కంటే కిందే పడుతున్నాయి. ఇది లోపం కాదు. ముందు సైట్‌ని కారఖానాలో కావాలనే పొడవుగా ఉంచుతారు, కొన్నవాళ్లు తమ మందు కొలతకి తగ్గట్టు ఆకురాయితో తగ్గించుకోవాలని. ముందు సైట్ తగ్గిస్తే గుండు పైకి పోతుంది. అందుకని మందు కొలత, గుండు చుట్టూ చుట్టే గుడ్డ మందం, గుండు సైజు ఖరారయ్యేదాకా ఆకురాయి బయటికి తీయలేదు. పాయింట్ 490 అంగుళాల సీసం గుండూ, మందపాటి నూలుగుడ్డ ప్యాచ్‌తో గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడటం మొదలయ్యాక, రెండు రాపుళ్లు వేసి కాల్చి, మళ్లీ రెండు రాపుళ్లు వేసి కాల్చి చూస్తూ పోయాను. పక్కకి పోతుంటే వెనక సైట్‌ని గుండు ఎటు వెళ్లాలో అటు జరపాలి, ముందు సైట్ అయితే దానికి ఎదురు. గురి కన్నా ఒక వేలు కిందే పడుతున్నప్పుడు ఆపేశాను. తీసేసిన లోహాన్ని మళ్లీ అతికించలేం.

చెక్క పని చివరికి మిగిల్చుకున్నాను, ఎందుకంటే అది గురికీ నిప్పుకీ ఏ సాయమూ చేయదు. పైనున్న ప్లాస్టిక్ లాంటి పాలిష్ గీకేసి, అవిసె నూనె పలుచటి పూతలు పూసి, ఒక్కోటీ ఆరాక ఇంకోటి వేశాను. లోపల బ్యారెల్ కూర్చునే గాడిలో కూడా పూశాను, అక్కడ తేమ తగిలితే చెక్క వంకరపోతుంది. ఆ నూనె గుడ్డలు ముద్దగా చుట్టి పడేస్తే తమంతట తామే అంటుకుంటాయి. విడివిడిగా తీగ మీద ఆరబెట్టాలి, లేదంటే నీళ్ల డబ్బాలో వేయాలి.

కాల్చిన రోజే శుభ్రం చేయడం ఇప్పుడు అలవాటైంది. నల్లమందు మసి గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఒక రాత్రి వదిలినా తుప్పు మొదలవుతుంది. దానికి ఖరీదైన సాల్వెంట్ ఏదీ అక్కర్లేదు, నీళ్లకే కరుగుతుంది. మరిగే నీళ్లు పోస్తే బ్యారెల్ తొందరగా ఆరుతుందంటారు కానీ, నాకు ఆ వేడికి లోపల పసుపు తుప్పు పొర కనిపించింది. గోరువెచ్చని సబ్బునీళ్లకే మారాను. సన్న గదిలో స్క్రేపర్, చిన్న బ్రష్ తిప్పి, పొడి గుడ్డలు నల్లబడకుండా వచ్చేదాకా తుడిచి, నూనె పూసి, తుపాకిని మూతి కిందికి ఉండేలా నిలబెడతాను. లేకపోతే ఆ నూనె మెల్లగా జారి బ్రీచ్‌లో చేరుతుంది. మర్నాడు ఇంకోసారి తుడుస్తాను, ఎందుకంటే రాత్రి కనపడని తుప్పు గుడ్డకి పొద్దున్న అంటుతుంది. మళ్లీ కాల్చే ముందు ఆ నూనెని పొడి గుడ్డతో పూర్తిగా తీసేసి, టచ్ హోల్‌లో తీగ ఒకసారి తిప్పుతాను. లేదంటే మొదటి మందు నూనెలో తడిసి ముద్దవుతుంది.